బోడగుట్టకు పేరు రాసిన సంగతి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదరకముందే, నన్ను నారాయణఖేడ్ క్యాంపుకు పంపారు. పటాలు తయారుచేసే శాఖలో నేను సీనియర్ సర్వేయర్‌ని. పాత పటంలో ఉన్న కొండలు, వాగుల పేర్లను స్వయంగా వెళ్లి సరిచూడటం నా పని.

సిర్గాపూర్ వైపు మూడు గుట్టలు వరుసగా ఉన్నాయి. పాత పటంలో మూడింటికీ కలిపి ‘ఈరన్న గుట్టలు’ అని ఒకటే పేరు. మా పద్ధతి ప్రకారం అది తప్పు కాదు. రెండు గుట్టల మధ్య పల్లం కింది నేల దాకా దిగకపోతే వాటిని ఒకే వరుసగా తీసుకుంటాం; అందులో ఎత్తైనదాని పేరే వరుసకంతటికీ పెడతాం. ఇక్కడ ఎత్తైనది ఈరన్న గుడి ఉన్న తూర్పు గుట్ట.

పల్లాలు కొలుస్తుండగా నడిమి గుట్ట కింద కేకలు వినిపించాయి. మేకలు కాసే సంగప్పను పాము కరిచింది. అతని భార్య శివమ్మ ఫోన్‌లో అంబులెన్స్ డ్రైవర్‌తో అరుస్తోంది.

“ఈరన్న గుట్ట కాదు బిడ్డా, బోడగుట్ట! బోడగుట్ట కాడికి రా!”

“అమ్మా, గా పేరు నా ఫోన్ల చూపిస్తలేదు. ఈరన్న గుట్టలనే ఉన్నది. గుడి కాడనే ఉన్న, ఈడ ఎవ్వరు లేరు,” అన్నాడతను.

ఆమె బోడగుట్ట అంటున్నది మేమున్న నడిమి గుట్టనే; గుడి నుంచి అక్కడికి బండి దారి లేదు. నేను ఫోన్ తీసుకుని, తారురోడ్డు మీద ఆగమని అతనికి చెప్పాను. సంగప్పను కాలు కదలకుండా ఎత్తి మా జీపులో పడుకోబెట్టాం. శివమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. “కండ్లు మూయకు, నాతోని మాట్లాడు,” అంటూనే ఉంది. రోడ్డు చేరేసరికి అతని మాట ముద్దగా వస్తోంది. ఆమె గొంతు మాత్రం తగ్గలేదు.

సంగప్ప బతికాడు. నారాయణఖేడ్ దవాఖానకు చూడబోతే నవ్వుతూ, “నేను బోడగుట్ట కింద సస్తుంటే బండి దేవుని దర్శనానికి పోయింది సారూ,” అన్నాడు. శివమ్మ నవ్వలేదు. “మా గుట్టకు పేరుండంగ మీ నక్షల ఎందుకు లేదు?” అని అడిగింది.

పద్ధతి వివరించాను. చెబుతున్నకొద్దీ అది ఆమెకు జవాబు కాదని నాకే తెలుస్తూ వచ్చింది.

మూడు పేర్లూ విడిగా రాయాలని ప్రతిపాదన పెడితే, ప్రతి బొడిపెకూ పేరు రాయడానికి పటంలో చోటెక్కడిదని క్యాంపు అధికారి కొట్టిపారేశారు. జరిగింది చెప్పాక, అటూ ఇటూ ఊళ్లవాళ్లు ఒకే పేరు చెబితే చూద్దామన్నారు. బోడగుట్టకు అందరూ ఒకే పేరు చెప్పారు. పడమటి గుట్టకు మాత్రం ఒక ఊరు నక్కల గుట్ట అంది, ఇంకో ఊరు తోడేళ్ల గుట్ట అంది. రెండూ రాశాం.

కొత్త పటంలో వరుస పేరు సాగదీసిన పెద్ద అక్షరాల్లో, దాని కింద ఒక్కో గుట్ట పేరూ చిన్న అక్షరాల్లో వచ్చాయి. కొండలు ఎలా సాగాయో వరుస పేరు చెబుతుంది. అక్కడున్న మనిషిని చేరాలంటే గుట్ట పేరు కావాలి. చోటు చాలదని రెండోదాన్ని వదిలేయకూడదని ఆ క్యాంపులో నేర్చుకున్నాను.