లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి నాలుగ్గంటలేనట!

రెండేళ్ల కిందటి మాఘమాసం. చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నా ట్రావెల్స్ షాపు తెరవగానే నారాయణమ్మగారూ ఆవిడ తమ్ముడు సత్యంగారూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ కొడుకు రమణ సైన్యంలో ఉన్నాడు, కొలువు లేహ్‌లో. పెళ్ళికూతురి వాళ్ళు ఎప్పుడో మన శ్రీకాకుళం నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడినవాళ్ళు. పెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో, గురువారం రాత్రి. ఇంటిల్లిపాదికీ టికెట్లు తీయడం అయిపోయింది, పెళ్ళికొడుకుదే మిగిలింది.

సత్యంగారు ఫోను నా ముందు పెట్టారు. "సూడమ్మా, మూడు వేల కిలోమీటర్లు, నాలుగ్గంటలంట. గురువారం పొద్దున్న బయలెల్తే మజ్జాన్నం బువ్వకి దిగిపోతాడు."

నాకు ఒళ్ళు మండింది. "అది మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరం బాబూ. ఆ గీత మీద తిరిగే విమానం ఒక్కటీ లేదు."

లేహ్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి చెన్నై, రాత్రంతా అక్కడే పడిగాపులు, తెల్లారాక పోర్ట్ బ్లెయిర్. ఆ మధ్యలో ఆగడాన్ని మేం లేఓవర్ అంటాం. పైగా లేహ్‌లో విమానాలు పొద్దున్నే ఎగరాలి, ఎండెక్కితే గాలి లేస్తుంది. మంచు పడితే ఆ రోజుకి అంతే సంగతులు. బుధవారం బయలుదేరితే అందుకోవచ్చు గానీ, ఒక్కటి తప్పినా పెళ్ళి పీటల మీద పెళ్ళికూతురు ఒక్కతే. మంగళవారమే కదలాలని గట్టిగా చెప్పాను.

నారాయణమ్మగారు లేచి నిలబడ్డారు. "మంగళారం పెల్లికొడుకుని బయల్దేరమంతావేటి? నా పేనం పోయినా ఒప్పను."

అరగంట వాదించాను. ససేమిరా అన్నారు. చివరికి మా అత్తగారు చేసే పని గుర్తొచ్చింది. రోజు మంచిది కాకపోతే ముందు రోజే మంచి ఘడియలో ఒక సంచి పక్కింట్లో పెట్టి వస్తారు, దాన్ని పరస్థానం అంటారు. ఇక అప్పుడే బయలుదేరినట్టు లెక్క.

"సోమవారం మంచి టైములో రమణ బట్టల సంచి ఒకటి పక్క బ్యారక్‌లో స్నేహితుడి దగ్గర పెడితే?" అన్నాను.

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసి, "ఓలమ్మ, ఆ మాట ముందే సెప్పొచ్చు కదేటి!" అన్నారు.

మంగళవారం విమానం మబ్బుల వల్ల ఆలస్యమైంది. టీ కూడా తాగకుండా ఫోనే చూస్తూ కూర్చున్నాను. రమణ ఢిల్లీలో దిగానని చెప్పాక గానీ ఊపిరాడలేదు. బుధవారం మధ్యాహ్నం నారాయణమ్మగారే పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫోన్ చేశారు.

"లేహ్‌లో ఇవాళ మంచు పడిందంటమ్మా, ఒక్క విమానం నెగలేదంట! నా కొడుకు ఇక్కడ నా పక్కన కూకోని బువ్వ తింతన్నాడు."

ఆవిడ ఏడుస్తున్నారు. హమ్మయ్య అనుకునేసరికి నాకూ కళ్ళు తడిశాయి.

అంతవరకు జనం నమ్మకాలతో తగువు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్ తెరవకముందే ఏ రోజు బయలుదేరరో అడుగుతాను. ఆవిడ మంగళవారం వద్దన్నా, నేను మంగళవారమే అన్నా, ఇద్దరి ఆరాటమూ ఒక్కటే: పిల్లాడు చేరాలి.