బయాస్ మార్చబోయిన పూట

దెయ్యాల కథలు ఎవరైనా మొదలెడితే నాకు నవ్వొస్తుంది. ద్వారకా నగర్‌లో పదహారేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దానంతటదే ఆగిపోతోంది సార్, ఏదో ఉంది" అని తెచ్చిన ప్రతి పెట్టెలోనూ నాకు దుమ్మో, బల్లో, వదులైన వైరో దొరికింది. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

దసరా మర్నాడు పొద్దున్న వన్‌టౌన్ నుంచి కరీం భాయ్ తన పాత కంప్యూటర్‌ని ఆటోలో తెచ్చాడు. ఆయనది ఎంబ్రాయిడరీ షాపు. మిషను కుట్టే డిజైన్లన్నీ ఆయన భార్య షమీమ్ గీసినవే. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ డిజైన్లు తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లోని మదర్‌బోర్డు మీద తప్ప నడవదు. దాన్ని అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు.

పాత డిస్కు ఇవాళో రేపో అన్నట్టుంది. అందులో ఉన్నదంతా కొత్త డిస్కులోకి ఎక్కించాను. తీరా చూస్తే బోర్డు కొత్త డిస్కుని గుర్తుపట్టలేదు. ఇక మిగిలింది బయాస్ అప్‌డేట్.

"బయాస్ అంటే ఏటి బాబూ? దాన్ని ముట్టుకోకపోతే అవదా?" అన్నాడు భాయ్.

విండోస్ కంటే ముందు నిద్రలేచి, డిస్కెక్కడ, కీబోర్డెక్కడ అని చూసుకునే చిన్న ప్రోగ్రామ్ అది, బోర్డు మీద చిప్పులో ఉంటుందని చెప్పాను. బాగా నడుస్తున్నదాన్ని కెలకకూడదన్నది నా పాలసీ. కానీ ఇక్కడ కెలక్కపోతే, పాత డిస్కు పోయిన రోజున ఆ డిజైన్లు తెరిచే దారే ఉండదు. కెలికినప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

భాయ్ పెట్టె మీద చెయ్యి వేశాడు. "షమీమ్ సేతిపని ఇదొక్కటే మిగిలింది నాకు. నీ మీదే వొదిలేత్తన్నాను" అన్నాడు.

"కరెంటు పోయినా యూపీఎస్ ఉంది భాయ్, మీకెందుకు భయం" అన్నాను ధీమాగా.

పెన్‌డ్రైవ్ పెట్టాను. మొదలెట్టమంటావా అని తెర అడిగింది. కీ మీద వేలు పెట్టానో లేదో, పెట్టెలోంచి కీచుమని మూడు కూతలు. వేలు తీశాను, ఆగాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ మూడు.

"ఏటలా కూత్తంది?" అన్నాడు భాయ్. అంటే ఆయనకీ వినపడింది.

మూడోసారి కూసేసరికి నాకు ఒళ్లు మండింది. "దీని దుంప తెగ!" అనుకుంటూ వైర్లు చూద్దామని బల్ల కిందకి దూరాను.

షాపుకొచ్చిన ప్రతి కంప్యూటర్‌కీ తగిలించే బల్ల వైరు ప్లగ్గు యూపీఎస్‌లో లేదు. నేరుగా గోడకి ఉంది.

ముందురోజు ఆయుధపూజ. నాతో కలిసి షాపు నడిపే మా బావ అప్పలరాజు అన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, తోచినట్టు మళ్లీ గుచ్చేశాడు. యూపీఎస్‌కి మూడు బొట్లున్నాయి, బంతిపూల దండ ఉంది. స్విచ్చి మాత్రం ఆఫ్‌లో ఉంది.

ప్లగ్గు పట్టుకుని అలా చూస్తూ ఉండగానే ఫ్యాను ఆగింది. వీధి వీధంతా కరెంటు పోయింది.

బల్ల కిందే కూర్చుండిపోయాను. ఆ కీ నొక్కి ఉంటే! తర్వాత బావని నిలదీస్తే, "బొట్లు బాగానే ఎట్టీసేను కదా బావా!" అన్నాడు.

కరెంటొచ్చాక యూపీఎస్ నిండే దాకా ఆగి, ప్లగ్గు నాలుగుసార్లు చూసుకుని కీ నొక్కాను. ఒక్క కూత కూడా లేదు. పని సజావుగా పూర్తయింది. కొత్త డిస్కు కనపడింది. షమీమ్ గీసిన మల్లెతీగ తెర మీదకి రాగానే భాయ్ పైకి చూసి చేతులు చాచాడు. ఆయన కళ్లు తడిశాయి.

మూత బిగిస్తూ ఊరికే ఆ కూతలు పెట్టే లోపలి చిన్న స్పీకర్ కోసం వెతికాను. లేదు. దాని పిన్నులు ఖాళీగా ఉన్నాయి. బోర్డంతా గాలించినా కూసే ముక్కంటూ ఒక్కటీ లేదు. కూతలు యూపీఎస్‌వి అనుకుందామంటే అప్పుడది ఆఫ్‌లో ఉంది. పైగా అప్పటికింకా కరెంటు పోలేదు.

"స్పీకరేటైంది భాయ్?"

"అదా? ఆ కూత పడక షమీమే ఎప్పుడో పీకించీసింది కదా" అన్నాడు. ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇప్పటికీ నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. ఆ కూతలకి కారణమూ తెలీదు. కానీ ఏ బయాస్ ముట్టుకోవాలన్నా, ముందు బల్ల కిందకి వంగి ప్లగ్గు చూసుకుంటాను. ఆ తర్వాత కీ మీద వేలు పెట్టి, కాసేపు ఆగి వింటాను.