తెనాలిలో జపాను సెలవు

తెనాలిలో బ్యాంకు గుమాస్తాగా రిటైరైన గౌరీశంకరం ఇంటికి తెచ్చుకున్నవి ఒక శాలువా, ఒక పాత చెక్క బోర్డు. బోర్డు మీద "ఈరోజు బ్యాంకుకు సెలవు" అని ఉంటుంది. శాలువా వాళ్లిచ్చారు, బోర్డు ఈయన అడిగి తెచ్చుకున్నాడు.

ఉద్యోగంలో సెలవులు చాలలేదేమో, రిటైరయ్యాక అన్ని దేశాల సెలవులూ తనవే చేసుకున్నాడు. ఎక్కడ బ్యాంకులు మూసినా ఇక్కడ గేటుకు బోర్డు వేలాడేది. ఆ రోజు కూరగాయలకు కదలడు, గడ్డం గీసుకోడు.

"ఏం అన్నయ్యగారూ, ఇవాళ ఏ దేశం మూసేశారు?" అనేది పక్కింటి ధనమ్మ.

"ఇంగ్లండమ్మా! నూటయాభై ఏళ్ల కిందటే ఈ సెలవుకి అక్కడ చట్టం చేశారు. బ్యాంకు మూస్తే బేరాలు ఆగుతాయి, బేరాలు ఆగితే ఊరంతా కాళ్లు చాపుకుంటుంది. ఒక్క తలుపు మూస్తే చాలు, అదీ కిటుకు!"

"మరి మా వదిన కాళ్లు చాపలేదేంటండి?"

లోపల సరోజ పప్పుకు తాలింపు వేస్తోంది.

సరోజకు ఒకటే కోరిక. బాపట్ల వెళ్లి సూర్యలంకలో సముద్రం చూడాలి. రేపల్లెలో ఉండే అక్క పుష్పలతా, తనూ కలిసి వెళ్దామనుకున్నారు. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయనకు సెలవు లేదు. తర్వాతేమో సెలవు కాబట్టి కదలకూడదన్నాడు. ఇంతలో పోయిన వేసవిలో అక్క కాలం చేసింది. అక్క చీర కట్టుకుని ఒక్కసారైనా ఆ నీళ్లలో నిలబడాలని సరోజ మనసు.

జూలైలో ఒక సోమవారం బోర్డు మళ్లీ గేటెక్కింది.

"ఇవాళ జపాను. సముద్రం చేసిన మేలు తలుచుకునే రోజట" అంటూ ఆయన పడక్కుర్చీలో వాలాడు. "కాస్త కాఫీ ఇస్తావా?"

సరోజ గేటు దాకా వెళ్లి బోర్డు ఊడదీసింది. తెచ్చి వంటింటి తలుపుకు తగిలించి తాళం వేసింది. అక్క చీర కట్టుకుని, చేతిసంచితో వచ్చి నిలబడింది.

"ఏంటిది?"

"ఒక్క తలుపు మూస్తే చాలన్నారుగా. మూశానండి."

"మరి టిఫినో?"

"బాపట్ల స్టేషన్ దగ్గర ఇడ్లీ దొరుకుతుంది. పదండి, రైలుకు టైమవుతోంది."

"గడ్డమైనా గీసుకోలేదే!"

"సముద్రం మిమ్మల్ని పెళ్లిచూపులకు పిలవలేదు లెండి."

గోడ అవతలి నుంచి ధనమ్మ అందుకుంది. "ఇటు చూడకండి అన్నయ్యగారూ, మా పొయ్యి కూడా జపానే!"

సూర్యలంకలో సరోజ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. అక్క చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కాయి. వాటిని పైకి ఎత్తి పట్టుకోవాలనిపించలేదు. గౌరీశంకరం రెండు జతల చెప్పులూ పట్టుకుని ఒడ్డునే కాపలా ఉన్నాడు. ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి.

"సెలవు ఎప్పటిదాకానే?" అని అరిచాడు.

"జపాను సంగతి మీకే తెలియాలండి" అంది సరోజ, వెనక్కి తిరగకుండానే.