పెళ్లికొడుకు తరఫు మనిషి

ఇన్నేళ్లుగా ఈ మాట నాలోనే ఉంది. దాన్ని మోస్తూనే తిన్నాను, పడుకున్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఇక అలసిపోయాను. ఎవరికైనా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కోర్టులో అబద్ధం చెప్పాను. ఒకామెకు పెళ్లి కాలేదన్నాను. ఆ పెళ్లికి నేను వెళ్లాను.

మాది కొండల కింద, మైదానంలో ఊరు. అన్నయ్యా నేనూ కలిసి వ్యాపారం చేసేవాళ్లం. అన్నయ్య ముంచింగిపుట్టులో ఉండి సంతలో చింతపండు, పిప్పళ్లు, పసుపు కొని లారీకెత్తించేవాడు. నేను ఊళ్లో గోడౌను చూసుకునేవాణ్ణి. గోడౌను, ఇల్లు, లారీ అన్నీ ఇద్దరివీ.

అక్కడే అన్నయ్య సోనిని ఇష్టపడ్డాడు. కొండమీది రైతు కూతురు. అమ్మ ఒప్పుకోదని తెలిసి, మా ఇంట్లో నన్నొక్కణ్ణే పెళ్లికి పిలిచాడు. "పెల్లికొడుకు తరపున ఎవులున్నారు?" అని వాళ్ల ఊరి పెద్దలు అడిగితే నేను లేచి నిలబడ్డాను. సోని తండ్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత వాళ్ల థింసా నాట్యం ఆడుతూ నన్నూ లాగి వరసలో కలిపేశారు. అన్నయ్య అంతగా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

వాళ్లకో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు నడక వచ్చేసరికి అన్నయ్యను మలేరియా పట్టుకుంది. జీపులో కిందికి తెస్తుంటే ఘాట్ రోడ్డులోనే సోని ఒళ్లో ప్రాణం పోయింది. దహనం మా ఊళ్లో చేశాం. ఆమెను గుమ్మం బయటే నిలబెట్టాం. నిలబెట్టాం అని రాశాను చూడండి. నిలబెట్టింది నేను.

కొన్నాళ్లకు ఆమె తరఫున నోటీసు వచ్చింది. భర్త వాటా తనకూ కూతురికీ ఇవ్వాలని. న్యాయంగానే అడిగింది. భాగస్తుడు పోతే అతని వాటా భార్యాపిల్లలకు చెందుతుందని తెలియనంత అమాయకుణ్ణి కాను. కానీ పురోహితుడు లేడు, ఫోటో లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పెళ్లి జరిగిందని ఆమే రుజువు చేసుకోవాలి అన్నాడు మా వకీలు. ఆమె సాక్షులంతా ఆమె ఊరివాళ్లే. మీవైపు ఎవరైనా చూశారా అని అడిగాడు. లేదన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

ఎందుకలా అన్నాను? అమ్మ కోసమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కులం, పరువు, అమ్మ తట్టుకోలేదు, ఇలాంటివన్నీ. కానీ కేసు నడుస్తుండగానే ఒకరోజు అమ్మ నన్ను దగ్గరకు పిలిచి, "ఆ గుంటకి మీ అన్న పోలికలున్నాయేట్రా?" అని అడిగింది. ఆ గొంతులో ఆశ ఉంది. నాకది వినిపించింది. ఆ పిల్ల మన పిల్ల కాదమ్మా అన్నాను. అమ్మ మళ్లీ అడగలేదు. మనవరాలిని చూడకుండానే పోయింది. కాబట్టి అమ్మ కోసం కాదు. ఒక కొండమనిషి వచ్చి నా గోడౌనులో సగం తనదంటే ఓర్చుకోలేకపోయాను. అంతే.

బోనులో ప్రమాణం చేసి, ఆమె మా అన్నయ్యకు వంట చేసిపెట్టే మనిషి అన్నాను. పెళ్లి సంగతి నేనెరగనన్నాను. సోని నన్నే చూస్తూ ఉంది.

బయట వరండాలో నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"మరిదీ, ఆ రోజు నువ్వు లేసి నిలబడ్డావు కదా?"

"నాకు గుర్తులేదు."

"మా అయ్య నీ సేతులట్టుకున్నాడు. నాకేటి, మతి పోనాదా? నేనే తప్పు సెప్తన్నానా?"

"గుర్తులేదన్నాను కదా."

పిల్లను చంకనెత్తుకుని బస్సు వైపు వెళ్లిపోయింది. అప్పుడు ఆమె వాటా అడగలేదు. తన బతుకులో జరిగింది నిజంగా జరిగిందో లేదో చెప్పమంది. అది కూడా నేను ఇవ్వలేదు.

దావా కొట్టేశారు. ఆమె అప్పీలుకు వెళ్లలేదు. నాకు ఏదో ఒక శిక్ష పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. వ్యాపారం పెరిగింది, పిల్లలు చక్కగా చదువుకున్నారు. ఏమీ జరగకపోవడమే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది.

సోని పోయిందని సంతకు వెళ్లే మా గుమాస్తా చెప్పాడు. కూతురు కరెంటు ప్రాజెక్టులో పనిచేసే అతణ్ణి చేసుకుని డొంకరాయిలో ఉందన్నాడు. పోయిన వేసవిలో వెళ్లాను. మీ నాన్నను ఎరిగిన వ్యాపారిని అని చెప్పుకున్నాను. స్టూలు వేసి కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది. ముక్కు, గడ్డం అచ్చం అన్నయ్యవే.

మాటల్లో తనే అంది. "పోయేవరకూ మా అమ్మ పెళ్లయిందనే సెప్పేది బాబూ. కాదని కోర్టులో తేలిపోనాది కదా. పాపం, అలాగనుకునే బతికీసింది."

అప్పుడైనా చెప్పవచ్చు కదా? నోరు తెరిచాను కూడా. బస్సుకు టైమయిందని చెప్పి వచ్చేశాను. కన్నతల్లిని నమ్మకుండా నా మాట నమ్ముతోంది ఆ పిల్ల. నా మాట అని తెలియకుండా.

తీర్పు మీద అప్పీలుకు గడువు ఎప్పుడో దాటిపోయిందని మరో వకీలు చెప్పాడు. వాటా మీరే ఇవ్వదలిస్తే మాత్రం మిమ్మల్ని ఎవరాపుతారు అన్నాడు. నిజమే. కానీ ఇస్తే ఎందుకిస్తున్నానో చెప్పాలి. ఇవ్వడం కంటే ఆ చెప్పడమే నాకు కష్టంగా ఉంది. ఇలాంటివాణ్ణి నేను.

మళ్లీ డొంకరాయి వెళ్లే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీరు నన్ను క్షమించనక్కరలేదు, ఓదార్చనూ వద్దు. కోర్టులో చెప్పవలసింది ఒక్కసారి సరిగ్గా చెప్పనివ్వండి.

సోని మా వదిన. అన్నయ్య ఆమెను ఊరందరి ముందూ పెళ్లి చేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను.