ట్రైలర్ చూడకముందే రాసిన మాట

నేను ట్రైలర్లు చూసి రాస్తానని అందరూ అనుకుంటారు. చూడకుండానే రాస్తాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన మా వెబ్‌సైట్ ఆఫీసు. రాబోయే సినిమాలకీ సిరీస్‌లకీ ‘ఫస్ట్ ఇంప్రెషన్’ రాయడం పదేళ్లుగా నా పని. ట్రైలర్ పదకొండింటికి వస్తుందంటే, మరో నిమిషానికల్లా మా ముక్క జనం ఫోన్లలో ఉండాలి. చూసి, ఆలోచించి, అప్పుడు రాస్తానంటే పెళ్లయిపోయి విస్తళ్లు ఎత్తేస్తుంటారు. అందుకని ముందురోజే నిర్మాతలు పంపిన ప్రెస్‌నోట్ ముందు పెట్టుకుని వండేస్తాం. ‘విజువల్స్ గ్రాండ్‌గా ఉన్నాయి, నేపథ్య సంగీతం అదిరింది’ అని రాయడానికి కళ్లెందుకు?

అయితే అంతా పొగిడితే జనం నమ్మరు. ఒక్క మైనస్ ఉండాలి. దాన్ని ఆఫీసులో దిష్టిచుక్క అంటాం. ఆ చుక్క ఎక్కడ పెట్టాలో కూడా లెక్కుంది. హీరో మీద పెట్టకూడదు. హీరోయిన్, దర్శకుడు, సంగీతం, బ్యానర్, వీళ్లెవరి జోలికీ పోకూడదు. ఫోన్ చేసి నిలదీయలేని వాళ్ల మీదే పెట్టాలి. కమెడియన్ విగ్గు, విలన్ పక్కనుండేవాడి డబ్బింగ్, అమ్మ వేషం వేసినామె. ఎంతమంది అమ్మల్ని అలా అన్నానో నాకే గుర్తు లేదు. దర్శకుణ్ణి అవుదామని ఈ ఊరికొచ్చినవాణ్ణి. చివరికి నా చేతిలో మిగిలిన అధికారం అదొక్కటే.

బస్తీలో వాలు మీదున్న బిల్డింగ్‌లో నా గది. పై వాటాలో ఒకావిడ ఉంటుంది, నేను అక్కా అంటాను. కాకినాడ వైపు నాటకాలాడి, ఇరవయ్యేళ్ల కిందట ఇక్కడికొచ్చింది. పెళ్లి సీన్లలో వెనక వరస నుంచి అక్షింతలు వేసే చుట్టంగా, ఆస్పత్రి సీన్లలో బెంచీ మీద మనిషిగా కాలం గడిచిపోయింది. కిందటేడు మొదటిసారి మాటలున్న వేషం దొరికింది. ఒక సిరీస్‌లో అమ్మ, పదకొండు రోజుల షూటింగ్. దాని పేరేంటని అడిగితే, “మాకెవరు చెప్తారు తమ్ముడూ? ప్రొడక్షన్ నంబర్ ఫోర్ అన్నారంతే” అంది. నిజమే, చిన్నవాళ్లకి తాము నటించినదాని పేరు ట్రైలర్ రోజునే తెలుస్తుంది.

ఆ ట్రైలర్ కోసం ఆమె ఏడు నెలలు ఎదురుచూసింది. “అందులో ఒక్క ముక్క పడితే చాలు. అది కోసి వేషాలిప్పించే కోఆర్డినేటర్లందరికీ పంపుకుంటాను. నేనూ ఆర్టిస్టునే అని చూపించుకోడానికి ఇన్నాళ్లూ నా దగ్గరేం లేదు కదా” అనేది. వయసు యాభై దాటింది. ఇది తప్పితే ఇంకోటి రాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు పదకొండింటికి ఒక ట్రైలర్ వచ్చింది. నా ముక్క వెంటనే వెళ్లిపోయింది. తర్వాత టీ తాగుతూ ట్రైలర్ పెట్టుకున్నాను. హీరో బండి గాల్లోకి ఎగిరిన షాట్ వెనకే అక్క కనిపించింది. మార్చురీ మెట్ల మీద కూర్చుని, చనిపోయిన కొడుకు చెప్పు పట్టుకుని ఏడుస్తోంది. మూడు సెకన్లు. పదేళ్లలో మొదటిసారి ట్రైలర్‌ని వెనక్కి జరిపి మళ్లీ చూశాను. ప్రెస్‌నోట్‌లో కొడుకు పోయిన తల్లి ఉందని చదివి నేను రాసిన చివరి వాక్యం అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. ‘తల్లి పాత్రధారి ఏడుపు అతిగా ఉంది, అదొక్కటే మైనస్.’

పరుగెత్తి ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. “సార్, ఆమె నాకు తెల్సినామె. ఆ లైన్ జర తీసేద్దాం సార్” అన్నాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. “లైవ్‌లో ఉన్నది తీస్తే స్క్రీన్‌షాట్లు పెట్టి ఆడుకుంటారు బాబూ. అయినా ఏదో ఒక మైనస్ ఉండాలి కదా. హీరోకి నటన రాదని రాయమంటావా?”

మధ్యాహ్నానికి ఆ వాక్యం మరో నాలుగు సైట్లలో ఉంది. మాకు ప్రెస్‌నోట్ ఎలాగో, వాళ్లకి మేమలాగ. అందరం చూడకుండానే రాశాం.

సాయంత్రం అక్క నా గదికి వచ్చింది. పొద్దున ఆ మూడు సెకన్లు కోసి కోఆర్డినేటర్లకు పంపిందట. ఒకాయన జవాబుగా ఆ వాక్యమే పంపాడు. “ఒకచోట రాస్తే గిట్టనివాళ్లనుకుందును తమ్ముడూ. ఐదు చోట్ల రాశారు. అందరికీ ఒకేలా కనబడిందంటే లోపం నాలోనే ఉన్నట్టు కదా” అంది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఆ ముక్కల కింద రాసినవాళ్ల పేర్లుండవు, నేను చెప్తే తప్ప ఆమెకు తెలియదు.

“నువ్వు రోజూ ఇవే చూస్తావు, నీకు తెలుస్తుంది. రెండు రకాలుగా చేస్తాను, ఏది బావుందో చెప్పు” అని, గుమ్మం దగ్గర నుంచి నా చెప్పు ఒకటి తీసుకుని నేల మీద కూర్చుంది. మొదటిసారి షూటింగ్‌లో చేసినట్టే చేసింది. నాటకాల్లో ఆఖరి వరస దాకా వినబడాలని నేర్చుకున్న ఏడుపు. మా నాన్న పోయిన రోజు మా అమ్మ అచ్చం అలాగే ఏడ్చింది. అతిగా ఉందని ఆ రోజు ఎవరూ అనలేదు. రెండోసారి అక్క చెప్పు వంక చూస్తూ ఊరికే కూర్చుంది. కళ్లు కొంచెం తడిశాయి. అంతకుమించి ఏమీ లేదు.

“ఏది?” అంది.

మొదటిదే అంటే, మరి ఐదుగురికీ ఎందుకు నచ్చలేదని అడుగుతుంది. అడిగితే ఆ ఐదుగురూ ఎవరో చెప్పాలి. “రెండోదే మంచిగుంది అక్కా. గంత ఏడ్వొద్దు. జర తగ్గించాలె” అన్నాను. నా అంత పిరికివాడు ఈ ఫిల్మ్‌నగర్‌లో ఇంకొకడుంటాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె బుద్ధిగా తలూపింది. ఆ తర్వాత వెళ్లిన నాలుగు ఆడిషన్లలోనూ నేను చెప్పినట్టే తగ్గించి ఏడ్చింది. మొహంలో ఏమీ పలకట్లేదమ్మా అని నాలుగు చోట్లా పంపించేశారు. తర్వాత ఫోన్లు రావడం మానేశాయి. ఇప్పుడు వెంగళరావు నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది.

పోయిన ఆదివారం పొద్దున మెట్ల మీద ఎదురైంది. చేతిలో ఫోన్, ఫోన్లో ఏదో కొత్త ట్రైలర్, అందులో ఎవరో అమ్మ గుండెలు బాదుకుంటోంది.

“చూడు, ఎంత గోలపెట్టి ఏడుస్తోందో” అంది జాలిగా. “పాపం, చెప్పేవాళ్లు లేరు. నాకు నువ్వు చెప్పబట్టి సరిపోయింది తమ్ముడూ. లేకపోతే చచ్చేదాకా తప్పుగానే ఏడ్చేదాన్ని.”