పెదవులు తగలని ప్రార్థన

మొన్న ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు బస్సులో పోతుంటే, పక్కన కూర్చున్న మనవరాలు సెల్‌ఫోనులో ఏదో ఆట ఆడుతూ, అందులోని పూజారులకు ఎవరో పనిగట్టుకుని ఒక పాతకాలపు భాషను తయారుచేశారనీ, దానికి వ్యాకరణం కూడా ఉందనీ గొప్పగా చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఆ పని మా పెదనాయన జమ్మలమడుగులో ఎప్పుడో చేశాడు, అదీ వరండాలో మడతకుర్చీ మీద కూర్చుని.

పెదనాయన బడిపంతులు. ఆదివారాల్లో చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న ఆ క్లాసంటే ఆయనకు ప్రాణం. క్రిస్మస్ నాటకం రాయడమూ ఆయన పనే. నేను వాళ్లింట్లో ఉంటూ ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్న ఏడాది, తూర్పు దేశపు జ్ఞానులు మా యాసలో "యాడుండాడప్పా రాజు?" అని అడగడం ఆయనకు ఉన్నట్టుండి ఎబ్బెట్టుగా తోచింది. వాళ్లకు ఒక ప్రాచీన ప్రార్థన భాష ఉండి తీరాలన్నాడు. ఒకటో జ్ఞాని ఆయనే. రెండో జ్ఞానిగా నన్ను పట్టుకున్నాడు.

ఆ భాషలో ప, బ, మ లాంటి అక్షరాలు లేవు. దేవుడి ముందు నోరు మూసుకుంటే ఏదో దాస్తున్నట్టేనట, అందుకని పెదవులు ఒకదానికొకటి తగలకూడదు. క్రియ ముందు రావాలి. 'నాది' అనే మాటే లేదు. అన్నిటికంటే విచిత్రం, 'ఇవ్వు', 'చెయ్యి' అని దేవుడికి పనులు పురమాయించడం కుదరదు. ఉన్నదీ లేనిదీ చెప్పి ఊరుకోవాలి. నా నోట పొరపాటున ఒక 'మ' దొర్లితే మళ్లీ మొదటి నుంచీ చెప్పించేవాడు. పెద్దమ్మ పప్పు ఎనుపుతూ, "ఈ సంబడానికి ఊర్లో ఉండే బాస చాలకపాయనా?" అని విసుక్కునేది. ఆమెకు గొంతు కింద గడ్డ లేచింది, పండగైన వారానికి ఆపరేషన్ అన్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

క్రిస్మస్ నాడు ఆరాధన కాగానే నాటకం మొదలైంది. ఇది రెండువేల ఏళ్లనాటి భాష అని ముందే ప్రకటించి, పెద్దమ్మ పట్టుచీరను తలపాగా చుట్టుకుని, పెదనాయన పశువులతొట్టి ముందు మోకరించాడు. "నెయ్ గేరా ళేసి. హాయెల్ తియా" అని ఆపాడు. 'ఆమేన్' అనలేదు, అందులో 'మ' ఉంది కదా! మా చర్చిలో ప్రార్థన ఆగాక ఆమేన్ పడకపోతే జనానికి ఊపిరాడదు. అది నాటకమన్నది మరిచి, కళ్లు మూసుకున్న చర్చి చర్చంతా "ఆమేన్" అంది. అందరికంటే గట్టిగా అన్నది సంఘపెద్ద.

తెల్లారేసరికి ఆ సంఘపెద్దకే అనుమానం పట్టుకుంది. తెలియని మంత్రానికి సంఘమంతా తలూపిందనీ, ఇలాంటి మనిషి చేతిలో పిల్లల్ని పెట్టకూడదనీ కమిటీని కూర్చోబెట్టాడు. క్లాసు పోతుందన్న బెంగతో పెదనాయనకు అన్నం సయించలేదు. కమిటీ ముందుకు పెద్దమ్మా నేనూ ఆయన వెంట వెళ్లాం.

"ఏందప్పా దాని అర్థం? ఎవురికి మొక్కిస్తివి మాతో?" అన్నాడు సంఘపెద్ద.

పెద్దమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "అర్థం తెలీకుండా ఆమేన్ అన్న్యది మీరు. సదవకుండా యాలిముద్ర ఏసి, ఇప్పుడు కాయితం రాసినోని మింద పడ్తాండారేంది?"

అప్పుడు నోరు విప్పాడు పెదనాయన. "'లేదు ఇంట్లో నెమ్మది. ఉన్నావు నువ్వు.' అంతేనప్పా. ఈమె ఆపరేషన్ గురించి. మామూలు బాసలో అడుగుదామంటే నాకు నోరు రాల్యా."

జన్మలో మాట తడుముకోని పెద్దమ్మ చప్పున కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. అంతవరకూ ఆ భాషను ముసలాయన సరదా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా. సంఘపెద్ద గడ్డం గోక్కుని, "అట్లయితే ఆమేన్ అట్లే ఉండనీ లేప్పా" అన్నాడు. క్లాసు పెదనాయనకే మిగిలింది. ఆపరేషనూ బాగా జరిగింది. ఆ తర్వాత పెద్దమ్మ గొంతు ఇంకా పెద్దదైందని ఆయన వచ్చినవాళ్లందరికీ సంతోషంగా ఫిర్యాదు చేసేవాడు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆ భాష రాసుకున్న నోటుబుక్కు ఎటు పోయిందో తెలియదు. ఆ రెండు వాక్యాలూ వచ్చినవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే, ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా ఈ రోజుకీ వాటినే అనుకుంటాను. ప్రాచీన భాష అంటూ పెదనాయన ఆడిన ఆ చిన్న అబద్ధాన్ని కాలం మెల్లగా నిజం చేస్తోంది.