తెల్లగీత తొక్కని మా అక్క

మా అక్క మొక్కింది నా కోసమే. నన్నడిగి మొక్కలేదు. కరోనా రోజుల్లో నేను ఆక్సిజన్ మాస్కుతో ఆసుపత్రి మంచం మీద ఉంటే, వీడు లేచి ఇంటికొస్తే పాలకొల్లు నుంచి చిన్న తిరుపతి కొండ దాకా చెప్పులు లేకుండా నడిచొస్తానని వెంకన్నకు మాటిచ్చేసింది. నేను లేచాను. డాక్టర్లు లేపారా, దేవుడు లేపాడా అన్నది ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తగువే. ఏటేటా ఏదో అడ్డం వచ్చి ఆగిన మొక్కును ఈ వైశాఖంలో తీర్చి తీరతానంది. డెబ్బై దాటిన మనిషి.

"నీ మొక్కు నాకక్కర్లేదు. బస్సులో పోయొద్దాం" అన్నాను.

"మాటిచ్చింది నేను. మధ్యలో నువ్వెవడివిరా?" అంది.

కాపలాగా నేనూ బయల్దేరాను, కాన్వాసు బూట్లు వేసుకుని.

ఎవరినీ ఒక పట్టాన నమ్మే గుణం కాదు నాది. బడి ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత పొట్లాల కాగితాలు మొదలుకుని మందుల పెట్టెల్లో మడిచిపెట్టే చీటీల దాకా దొరికిందల్లా కూడబలుక్కుని చదివాను. అలా నేర్చుకున్నవాడికి నోటిమాట ఓ పట్టాన ఎక్కదు. కొండకు నడిచిపోయే మా జట్టుకు పెద్ద ఒక బియ్యం కొట్టాయన. మూడో రోజు పొద్దున్న ఆయన ఫోటోలు తీయించుకోవడం పూర్తయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. పక్కనే కాలువ గట్టుంది, చెట్ల నీడ ఉంది, అటు పోదామన్నాను.

"గట్టు మీద ముళ్లుంటాయి బాబాయిగారూ. రోడ్డే సుఖం" అన్నాడు.

రోడ్డు మీదైతేనే పదిమందీ చూస్తారు. ఆయన సుఖమేమిటో నాకు తెలియదా?

తాడేపల్లిగూడెం దాటాక తారు సెగలు కక్కడం మొదలైంది. వట్టికాళ్ల వాళ్లు ఒక్కొక్కరే రోడ్డు అంచున ఉన్న తెల్లగీత మీదికి చేరారు. నల్లటి తారు కాలినంతగా ఆ రంగు కాలదు. వట్టికాళ్లతో నడిచిన వాళ్లందరికీ తెలిసిన సంగతే. చీమలబారులా ఒకరి వెనక ఒకరు, దాదాపు అందరికీ కాళ్లకు సాక్సులు. సాక్సులు చెప్పుల కింద లెక్కలోకి రావని జట్టు పెద్ద తీర్పు. మా అక్క మాత్రం సాక్సులు వద్దంది. గీతను పట్టించుకోకుండా నల్లటి తారు మీద "గోవిందా, గోవిందా" అనుకుంటూ పేరంటానికి పోతున్నట్టు నడుస్తోంది.

"చూశారా మామ్మగారి భక్తి!" అని జట్టు పెద్ద ఫోను తీశాడు. ఇద్దరు ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టారు.

నాకు అక్కడే అనుమానం పుట్టింది. మా నాయనమ్మ ఈ అక్కనే 'వెన్నకాళ్ల పిల్ల' అనేది. చిన్నప్పుడు వేసవిలో పొలానికి క్యారేజీ పట్టుకెళ్లాలంటే నన్ను ఎండవైపు నడిపించి, నా నీడలో అడుగులు వేసేది. కళ్లంలో కాలు మోపితే కెవ్వుమనేది. అవే కాళ్లు డెబ్బై ఏళ్లకు రాళ్లయిపోతాయా?

"కాలట్లేదా అక్కా?"

"గోవిందుడు చూసుకుంటాడు."

"మిగతావాళ్ల కాళ్లనెందుకు చూసుకోడు?"

"వాళ్లకు నీలాంటి తమ్ముడు లేడుగా. దేవుడికి వాళ్ల మీద జాలెందుకు?"

జట్టంతా నవ్వారు. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్క ఊరివాళ్లు షెడ్డు వేసి పులిహోర, మజ్జిగ పెడుతున్నారు. వాళ్ల వెనక ఏ పార్టీ ఫ్లెక్సీ ఉందా అని చూశాను. ఏదీ లేదు. అదీ అనుమానమే అనుకుంటూ గ్లాసు అందుకున్నాను. మా అక్క కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, సిమెంటు గచ్చు మీద తడి అడుగులు వేసుకుంటూ వచ్చి నా పక్కన కూచుంది. ఎడమకాలి ముద్రలన్నీ నీళ్లే. కుడికాలి ముద్రల్లో ప్రతిదాని మధ్యా ఎర్రటి చుక్క.

గ్లాసు కింద పెట్టి, ఆమె కుడికాలు నా ఒళ్లోకి లాక్కున్నాను. చీర కుచ్చెళ్లు కప్పబోయింది గానీ నేను వదల్లేదు. అరికాలంతా పొక్కులు, కొన్ని చితికిపోయాయి. మధ్యలో పచ్చటి సీసా పెంకు దిగబడి ఉంది.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

ఎవరిదో కాలు చూసినట్టు చూసింది. "ఏమోరా."

"అటు తిరుగు. ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

రోడ్డువైపు మొహం తిప్పుకుంది. చిటికెన వేలు గట్టిగా నొక్కాను. "పట్టుకున్నావా?" అని అడిగింది.

మా అక్కది పాత షుగరు. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందని చదివాను. తెలియకుండా పుండుపడి, పాదం తీసేసినవాణ్ని ఆసుపత్రిలో నా పక్క మంచం మీదే చూశాను.

"ఎన్నాళ్లయింది?"

"నిరుడు ముక్కోటికి గుళ్లోంచి వస్తుంటే ఒక చెప్పు జారిపోయింది. ఇంటికొచ్చేదాకా తెలియలేదు. చెబితే నన్ను నడవనిచ్చేవారా మీరు?"

జట్టు పెద్ద వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు తియ్యవయ్యా నీ వీడియో!" అని అరిచాను. పాపం, ఆయన ఫోను జేబులో పెట్టి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

మా అక్క మాత్రం కదల్లేదు. "చస్తే ఎక్కను. ఇంత దూరం వచ్చి మొక్కు సగంలో వదిలేస్తే కీడు నాకు కాదురా, నీకు." కళ్లల్లో నీళ్లు. అది మొండితనం కాదు, భయం. నా ప్రాణం ఇంకా కొండ మీద తాకట్టులోనే ఉందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని వాదించి గెలవాలంటే సాయంత్రమవుతుంది. అంతసేపు ఆ కాలు ఆగదు.

వంగి బూట్ల తాళ్లు విప్పాను.

"ప్రాణం నాదే కదా? మిగతా దారి నేను నడుస్తాను. నువ్వెక్కు."

ఆమె నన్ను నమ్మలేదు. జట్టు పెద్దవైపు తిరిగి, "అలా చెల్లుతుందా అండీ?" అంది.

"చెల్లుతుంది మామ్మగారూ. ఎవరికోసం మొక్కారో వాళ్లే నడిస్తే ఇంకా శ్రేష్ఠం."

ఏ శాస్త్రంలో ఉందని ఆయన్ను అడగలేదు. నా జన్మలో అడక్కుండా వదిలేసింది ఆ ఒక్క మాటే.

"ఆ బూట్లు ఇలా ఇచ్చెయ్" అంది మా అక్క. "నేను ఆటోలో మలుపు తిరగ్గానే వేసేసుకుంటావు. నీ సంగతి నాకు తెలియదూ?"

బూట్లు ఒళ్లో పెట్టుకుని, తోడుగా జట్టులో ఒకావిడను కూచోబెట్టుకుని గూడెం ఆసుపత్రికి వెళ్లింది. నేను ఆటో నంబరు కంఠతా పట్టాను. తారు మీద మొదటి అడుగుకే నాకు గోవిందుడు గుర్తొచ్చాడు. గంతేసి తెల్లగీత మీద పడ్డాను. బియ్యం కొట్టాయన తన సంచిలోంచి రెండు జతల సాక్సులు తీసిచ్చాడు. ఇందులో ఆయనకేం లాభమా అని చాలా దూరం ఆలోచించాను. ఏమీ తోచలేదు.

పొద్దు వాలేసరికి కుంటుకుంటూ భీమడోలు చేరాను. మా బస వరండాలో మా అక్క కుర్చీలో కూచుని ఉంది. కాలికి పెద్ద కట్టు, ఒళ్లో నా బూట్లు. పెంకు ఎముక దాకా పోలేదట, కానీ నెలపాటు కాలు కింద పెట్టొద్దన్నారట.

"కాలు చూపించు" అంది.

సాక్సు లాగి అరికాలు చూపించాను. బొటనవేలితో పొక్కు మీద నొక్కింది. కెవ్వుమన్నాను.

"ఊఁ, నడిచావు" అని, ఊడిన సాక్సు వైపు చూసి, "ఎన్ని జతలు వేసుకున్నావేంటి?" అంది.

"రెండు."

"రేపు ఒకటే వేసుకో."

బూట్లు మాత్రం ఇవ్వలేదు.